‘బండ’పై కట్టిన పాట: లారీ నార్మన్ ‘అపాన్ దిస్ రాక్’ (1969) - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికన్ గాయకుడు, గీతకర్త లారీ నార్మన్ (1947-2008) తొలి ఏకగాయక ఆల్బమ్ ‘అపాన్ దిస్ రాక్’ 1969 డిసెంబరులో కాపిటల్ రికార్డ్స్ సంస్థ ద్వారా వెలువడింది. క్రైస్తవ రాక్ సంగీతానికి ఇదే ఆది గ్రంథమని జనప్రియ చరిత్రలు చెప్తాయి. ఆ ‘ఆదిత్వం’ ఏ అర్థంలో నిలుస్తుందో, ఏ అర్థంలో నిలవదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆల్బమ్ పుట్టిన మత, సాంస్కృతిక నేపథ్యాన్ని, అందులోని పాటల వస్తువును, అది శ్రోతలకు చేరిన మార్గాలను విశ్లేషిస్తుంది. ‘క్రైస్తవ రాక్’ అనే వర్గం ఈ ఆల్బమ్‌తో పుట్టలేదు. ఈ ఆల్బమ్‌కు చోటు దొరకని రెండు విపణుల నడుమ ఖాళీలోంచి తరువాతి దశాబ్దంలో పుట్టింది అన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలకపదాలు: లారీ నార్మన్, క్రైస్తవ రాక్, జీసస్ ఉద్యమం, రెండవ రాకడ, సంగీత విపణి, భక్తిగీతం.

1. ప్రవేశిక

మత విశ్వాసానికీ జనరంజక సంగీతానికీ ఉన్న సంబంధాన్ని చరిత్రకారులు రెండు విధాలుగా చెప్తూ వచ్చారు. మతం తన సందేశానికి కాలానుగుణమైన వాహికను వెతుక్కుంటుందన్నది మొదటి దృష్టి. విపణి తనకు కొత్త వినియోగదారులను వెతుక్కుంటూ మతాన్ని కూడా ఒక సరుకుగా మలుచుకుంటుందన్నది రెండో దృష్టి. రెండింటిలోనూ కొంత సత్యం ఉంది. కాని వాహికను మతసంస్థ అంగీకరించని వేళ, సరుకును విపణి కోరని వేళ పుట్టిన కృతిని ఈ రెండు దృష్టులూ వివరించలేవు. ‘అపాన్ దిస్ రాక్’ అటువంటి కృతి.

ఆల్బమ్ పేరు మత్తయి సువార్త 16వ అధ్యాయం 18వ వచనం నుంచి వచ్చింది. పేతురుతో మాట్లాడుతూ యేసు తన సంఘాన్ని ఒక బండ మీద కడతానని చెప్పే సందర్భమది. ఇంగ్లీషులో ‘రాక్’ అంటే బండ, సంగీత శైలి కూడా. నార్మన్ ఈ శ్లేషను బుద్ధిపూర్వకంగానే వాడుకున్నాడు. ఏ సంగీతాన్ని నాటి సంప్రదాయ సంఘాలు సంఘవినాశకమని భావించాయో, దాని మీదే సంఘాన్ని కట్టవచ్చునన్న సవాలు ఆ మూడు మాటల్లో ఉంది. తెలుగులో ఈ శ్లేష నిలవదు. అందుచేత ఈ వ్యాసంలో ఆల్బమ్ పేరును అనువదించకుండా యథాతథంగానే వాడుతున్నాను.

2. పూర్వరంగం: చర్చికీ రాక్‌కూ నడుమ

1950లలో రాక్ అండ్ రోల్ ప్రభవించిన నాటి నుంచీ అమెరికన్ సువార్తిక వర్గాలు దానిని అనుమానంతోనే చూశాయి. ఆ అనుమానంలో నైతిక భయం ఒక పాలైతే, జాతి వివక్ష మరొక పాలు. నల్లజాతి సంగీతం తెల్లజాతి యువతను చేరుకోవడాన్ని దక్షిణ రాష్ట్రాల మతబోధకులు ఎందరో బహిరంగంగా ఖండించారు. 1960లలో ఈ వ్యతిరేకత పుస్తక రూపం దాల్చింది. డేవిడ్ నోబెల్ 1965లో ‘కమ్యూనిజం, హిప్నాటిజం అండ్ ది బీటిల్స్’ అనే చిన్న పుస్తకంలో రాక్ సంగీతాన్ని కమ్యూనిస్టుల కుట్రగా చిత్రించాడు. బాబ్ లార్సన్ 1967లో రాసిన పుస్తకం పేరులోనే రాక్ సైతాను పన్నాగమన్న అభియోగం ఉంది. 1966 మార్చిలో లండన్ పత్రిక ‘ఈవెనింగ్ స్టాండర్డ్’కు ఇచ్చిన ముఖాముఖిలో జాన్ లెనన్ బీటిల్స్ ప్రజాదరణను యేసుతో పోల్చి మాట్లాడాడు. ఆ మాటలు అదే వేసవిలో అమెరికన్ పత్రికలో పునర్ముద్రితమయ్యాక దక్షిణ రాష్ట్రాలలో బీటిల్స్ రికార్డులను కుప్పపోసి తగులబెట్టారు.

ఈ వైరం వెనుక ఒక చారిత్రక వైచిత్రి ఉంది. రాక్ అండ్ రోల్ పుట్టుకలో చర్చి సంగీతానిది ప్రధానమైన పాత్ర. చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్ సంప్రదాయంలో పెరిగిన సిస్టర్ రొసెట్టా థార్ప్ విద్యుత్ గిటారు వాయిస్తూ భక్తిగీతాలు పాడింది. 1944లో ఆమె రికార్డు చేసిన ‘స్ట్రేంజ్ థింగ్స్ హాపెనింగ్ ఎవ్రీ డే’ మరుసటి సంవత్సరం బిల్‌బోర్డ్ వారి నల్లజాతి సంగీత పట్టికలో 2వ స్థానానికి చేరింది. రే చార్ల్స్ 1954లో ఒక గాస్పెల్ గీతం బాణీని ప్రేమగీతంగా మలిచాడు. ఎల్విస్ ప్రెస్లీ, జెర్రీ లీ లూయిస్ ఇద్దరూ పెంతెకొస్తు ఆరాధనల నడుమ పెరిగినవారే. చర్చి తన ఇంటినుంచి వెళ్ళిన బిడ్డను పరాయిగా చూసిందన్నమాట.

అదే దశకం చివర మరో ధార బయలుదేరింది. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని హైట్-యాష్‌బరీ ప్రాంతంలో మారుమనస్సు పొందిన కొందరు హిప్పీలు ‘ది లివింగ్ రూమ్’ అనే చిన్న సువార్త కేంద్రాన్ని నడిపారు. 1968 తరువాత దక్షిణ కాలిఫోర్నియాలోని కోస్టామెసాలో చక్ స్మిత్ కాపరిగా ఉన్న కల్వరీ చాపెల్ పొడుగు జుట్టు, వట్టి పాదాలతో వచ్చే యువతకు తలుపులు తెరిచింది. హాలీవుడ్ ఫస్ట్ ప్రెస్బిటేరియన్ చర్చి ఆధ్వర్యంలో ‘సాల్ట్ కంపెనీ’ అనే కాఫీశాల నడిచింది. ఈ చెదురుమదురు ప్రయత్నాలనే తరువాత ‘జీసస్ ఉద్యమం’ అన్నారు. 1971 జూన్ 21 సంచికలో ‘టైమ్’ పత్రిక దీనిని ముఖచిత్ర కథనంగా ప్రకటించింది. ‘అపాన్ దిస్ రాక్’ వెలువడిన 1969 డిసెంబరు నాటికి ఉద్యమం ఉంది కాని, దానికి దేశవ్యాప్తమైన పేరు ఇంకా స్థిరపడలేదు. ఈ కాలక్రమాన్ని గుర్తుంచుకోవడం అవసరం. ఆల్బమ్‌ను ఉద్యమ ఫలితంగా వర్ణించడం పరిపాటి. నిజానికి రెండూ ఏకకాలంలో రూపుదిద్దుకున్నాయి.

3. బృందం నుంచి ఏకగాయకత్వానికి

లారీ నార్మన్ 1947 ఏప్రిల్ 8న టెక్సస్ రాష్ట్రంలోని కార్పస్ క్రిస్టీలో జన్మించాడు. బాల్యంలోనే కుటుంబం శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతానికి తరలింది. దక్షిణ బాప్టిస్టు సంప్రదాయం ఒకవైపు, ఎల్విస్ పాటలు మరొకవైపు అతని బాల్యాన్ని తీర్చిదిద్దాయి. 1960ల మధ్యలో శాన్ హోసేకు చెందిన ‘పీపుల్!’ అనే రాక్ బృందంలో గాయకుడిగా చేరాడు. బ్రిటిష్ బృందం ‘ది జాంబీస్’కు చెందిన క్రిస్ వైట్ రచించిన ‘ఐ లవ్ యూ’ అనే పాటను ఈ బృందం తిరిగి పాడింది. 1968లో అది బిల్‌బోర్డ్ పట్టికలో 14వ స్థానానికి చేరింది. ఒక ప్రాంతీయ బృందానికి అది గణనీయమైన విజయం.

ఆ విజయం వెన్నంటే నార్మన్ బృందాన్ని విడిచాడు. ఎందుకు విడిచాడన్న ప్రశ్నకు జవాబులు ఒకటి కాదు. తొలి ఆల్బమ్‌కు ‘మనకు కావలసింది మరింత యేసు, మరికాస్త తక్కువ రాక్ అండ్ రోల్’ అనే అర్థం వచ్చే పాత కంట్రీ పాట పేరును పెట్టాలని తాను కోరితే, కాపిటల్ సంస్థ దానిని తోసిపుచ్చి ‘ఐ లవ్ యూ’ అనే పేరు పెట్టిందని నార్మన్ తరచు చెప్పాడు. బృంద సభ్యులలో కొందరు సైంటాలజీ వైపు మొగ్గడం కూడా ఒక కారణమని చెప్పాడు. ఈ కథనంతో ఇతర సభ్యులు పూర్తిగా ఏకీభవించలేదు. ఈ భేదాన్ని 8వ విభాగంలో చర్చిస్తాను. ప్రస్తుతానికి గమనించవలసింది ఇది: తన ఏకగాయక జీవితాన్ని నార్మన్ ఒక విశ్వాస నిర్ణయంగా చెప్పుకున్నాడు. బృందగానం నుంచి ఏకగానానికి మారడం అతని కథనంలో కేవలం వృత్తిపరమైన మార్పు కాదు. పాపజీవితం నుంచి బయటకు వచ్చే ‘సాక్ష్యం’ అనే సంప్రదాయ కథారూపాన్ని అది అనుసరిస్తుంది.

విశేషమేమంటే, ఏకగాయకుడిగా తొలి ఆల్బమ్‌ను అతడు అదే కాపిటల్ సంస్థకు చేశాడు. బీటిల్స్, బీచ్ బాయ్స్ రికార్డులను అమెరికాలో విక్రయిస్తున్న సంస్థ అది. అంటే అతడు లౌకిక విపణిని వదిలి మతప్రచురణ సంస్థల నీడకు చేరలేదు. విశ్వాసాన్ని విశ్వాసుల మధ్యనే పాడుకోవడం కాక, దానిని వినని వారి మధ్య పాడాలన్నది అతని ఎంపిక. ఆల్బమ్ భవిష్యత్తును ఈ ఎంపికే నిర్ణయించింది.

4. ఆల్బమ్ నిర్మాణం, వస్తువు

హాల్ యోర్గ్లర్ నిర్మాతగా ఆల్బమ్ రూపొందింది. డ్రమ్స్‌పై హాల్ బ్లేన్, బేస్ గిటారుపై జో ఆస్బోర్న్ వంటి లాస్ ఏంజెలెస్ స్టూడియో వాద్యకారులు పాల్గొన్నారు. ఆ దశకంలోని ఎన్నో విజయవంతమైన పాప్ గీతాలకు వాద్యసహకారం అందించినది ఈ వర్గమే. కాబట్టి నాదపరంగా ఆల్బమ్ నాటి పాప్ రాక్ ప్రధాన స్రవంతికి దగ్గరగా ఉంటుంది. చర్చి గాయకబృందం ఆధునిక వాద్యాలను తెచ్చుకున్నట్టు కాక, వృత్తి సంగీతకారులే విశ్వాసగీతాలను వాయించినట్టు వినిపిస్తుంది.

పాటల్లో వైవిధ్యం ఉంది. ‘యూ కాంట్ టేక్ అవే ది లార్డ్’లో వేగవంతమైన రాక్ అండ్ రోల్ నడక వినిపిస్తుంది. ‘మోజెస్ ఇన్ ది విల్డర్నెస్’ నిర్గమకాండ కథను హాస్యధోరణిలో, పాటకూ మాటకూ మధ్యస్థమైన పద్ధతిలో చెప్తుంది. ‘హా హా వరల్డ్’ సమకాలీన లోకంపై వ్యంగ్యం. ‘ఫర్గెట్ యువర్ హెక్సాగ్రామ్’ ఆనాటి ప్రతిసంస్కృతిలో ప్రచారంలో ఉన్న శకునశాస్త్రాల మోజును ప్రశ్నిస్తుంది. హిప్పీ యువత చీనా శకునగ్రంథం ‘ఐ చింగ్’ను విరివిగా సంప్రదించిన కాలమది, షడ్రేఖాచిత్రమన్న శీర్షికపదం ఆ గ్రంథాన్ని గుర్తుచేస్తుంది. ‘స్వీట్ స్వీట్ సాంగ్ ఆఫ్ సాల్వేషన్’ అందరూ కలిసి పాడుకోదగిన సామూహిక గీతం. ‘ది లాస్ట్ సప్పర్’ కడవరి భోజన ఘట్టాన్ని సంప్రదాయ చిత్రణకు భిన్నంగా అందుకుంటుంది.

పాటల శీర్షికలలోని సర్వనామాలు ఒక ఆసక్తికరమైన విషయాన్ని చెప్తాయి. ‘నీవు’ అని సంబోధించేవి కొన్ని, ‘నేను’ అని పలికేవి కొన్ని. ‘ఐ డోంట్ బిలీవ్ ఇన్ మిరకిల్స్’ అనే శీర్షిక అద్భుతాలను నమ్మనని చెప్పే ‘నేను’ను ముందుకు తెస్తుంది. విశ్వాసగీతాల సంపుటిలో అవిశ్వాస ప్రకటనలా ధ్వనించే శీర్షిక అది. సంప్రదాయ స్తుతిగీతంలో సంబోధ్యుడు దేవుడు. ఈ ఆల్బమ్‌లో ప్రధాన సంబోధ్యుడు పక్కనున్న మనిషి. దేవునితో మాట్లాడే పాటకూ, దేవుని గురించి మనిషితో మాట్లాడే పాటకూ ఉన్న భేదం ఇక్కడ స్పష్టం. ఆరాధనలో ఈ పాటలు ఇమడకపోవడానికి కారణం వాద్యాల హోరు మాత్రమే కాదు. వాటి వాక్యనిర్మాణం కూడా.

5. రాకడ పాట

ఆల్బమ్‌లో అత్యంత ప్రభావశీలమైనది ‘ఐ విష్ వుయ్‌డ్ ఆల్ బీన్ రెడీ’. క్రీస్తు రెండవ రాకడ వేళ విశ్వాసులు ఎత్తబడగా, మిగిలిపోయిన వారి వైపు నిలబడి పాడిన మందగతి గీతమిది. యుద్ధం, ఆకలి, పిల్లల మరణం, రొట్టెకూ బంగారానికీ విలువలు తారుమారు కావడం ఇందులోని దృశ్యాలు. ఒకే పడకపై ఉన్న దంపతులలో ఒకరు అదృశ్యం కావడం లూకా సువార్త 17వ అధ్యాయాన్ని, కలిసి నడుస్తున్న ఇద్దరు పురుషులలో ఒకరు కనిపించకపోవడం మత్తయి సువార్త 24వ అధ్యాయాన్ని అనుసరిస్తాయి. మూలంలో పొలంలో ఉన్న ఇద్దరిని నార్మన్ కొండ ఎక్కుతున్న వారిగా మార్చాడు.

ఈ గీతం వెనుక ఉన్న వేదాంతం కొత్తది కాదు. 19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ ప్రచారం చేసిన యుగవిభజన సిద్ధాంతం 1909లో ప్రచురితమైన స్కోఫీల్డ్ బైబిలు వ్యాఖ్యల ద్వారా అమెరికన్ సువార్తిక కుటుంబాలకు చేరింది. 1967లో ఆరు రోజుల యుద్ధానంతరం యెరూషలేము ఇజ్రాయెల్ అధీనంలోకి రావడంతో ప్రవచనాల నెరవేర్పుపై ఆసక్తి పెరిగింది. హాల్ లిండ్సే గ్రంథం ‘ది లేట్ గ్రేట్ ప్లానెట్ ఎర్త్’ 1970లో వెలువడి, ఆ దశకంలో అమెరికాలో అత్యధికంగా అమ్ముడైన కథేతర గ్రంథంగా పేరుపొందింది. నార్మన్ పాట దానికంటే ముందే విడుదలైందన్నది గుర్తించదగినది. పాటను ఆ పుస్తక ప్రభావంగా చెప్పే వ్యాఖ్యలు కాలక్రమాన్ని తలకిందులు చేస్తున్నాయి.

చారిత్రక సందర్భం మరొకటి కూడా ఉంది. 1969 డిసెంబరు 1న అమెరికా ప్రభుత్వం వియత్నాం యుద్ధానికి యువకులను పిలిచే వరుసను లాటరీ ద్వారా నిర్ణయించింది. పుట్టినరోజు తేదీలను చీట్లుగా తీశారు. ఇద్దరు మిత్రులలో ఒకరు యుద్ధానికి పోవడం, మరొకరు మిగిలిపోవడం ఆ తరానికి వేదాంత ఊహ కాదు. నార్మన్ ఈ లాటరీని దృష్టిలో పెట్టుకొని పాట రాశాడని చెప్పడం లేదు; పాట అంతకు ముందరిదే. అయితే ఆ నెలలో దానిని విన్న యువకునికి ‘ఒకరు పోగా ఒకరు మిగలడం’ అన్న చిత్రం ఏ అనుభవంతో ముడిపడి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ప్రవచన గీతం భవిష్యత్తు గురించి చెప్తూనే వర్తమాన భయానికి రూపమిస్తుంది.

ఈ పాట బలమంతా దాని దృష్టికోణంలో ఉంది. రాకడ బోధల్లో మాట్లాడేవాడు సాధారణంగా సిద్ధపడినవాడు; వినేవాడు సిద్ధపడనివాడు. ఇక్కడ గాయకుడు ‘మనమందరం’ అంటున్నాడు. హెచ్చరికను విలాపంగా మార్చాడు. అయినా దాని తరువాతి ప్రయాణంలో విలాపం మళ్ళీ హెచ్చరిక అయింది. 1972లో వచ్చిన ‘ఎ థీఫ్ ఇన్ ది నైట్’ అనే చలనచిత్రం ఈ పాటను వాడుకుంది. చర్చి సమావేశాల్లో ఆ చిత్రాన్ని చూసి భయంతో మారుమనస్సు పొందినట్టు ఒక తరం అమెరికన్ విశ్వాసులు చెప్పుకున్నారు. లక్నోలో జన్మించిన బ్రిటిష్ గాయకుడు క్లిఫ్ రిచర్డ్ 1978లో తన ‘స్మాల్ కార్నర్స్’ ఆల్బమ్‌లో దీనిని తిరిగి పాడాడు.

6. రెండు విపణుల నడుమ

ఆల్బమ్ విక్రయాలు కాపిటల్ సంస్థను తృప్తిపరచలేదు. సంస్థ నార్మన్‌ను వదులుకుంది. ఈ వైఫల్యాన్ని సాధారణంగా ‘లోకానికి అది మరీ మతపరమైనది, మతానికి అది మరీ లోకపరమైనది’ అని వివరిస్తారు. చమత్కారంగా ఉన్నా ఇది అసంపూర్ణ వివరణ. రుచుల కంటే పంపిణీ వ్యవస్థ గురించి మాట్లాడడం ఇక్కడ ఎక్కువ ప్రయోజనకరం.

నాటి అమెరికాలో రికార్డులు శ్రోతను చేరే దారులు రెండు. ఒకటి రేడియో, నగరాల్లోని రికార్డు దుకాణాలు. మరొకటి క్రైస్తవ పుస్తక దుకాణాలు. వాటికి 1950 నుంచి దేశవ్యాప్త సంఘం ఉంది. ఈ రెండు దారుల సరఫరాదారులు వేరు, ప్రకటనల పత్రికలు వేరు, కొనుగోలుదారుల అలవాట్లు వేరు. కాపిటల్‌కు మొదటి దారిపై పట్టుంది, రెండో దారితో పరిచయం లేదు. రెండో దారిలోని దుకాణదారుకు తన గిరాకీదారులైన తల్లిదండ్రులు, కాపరులు ముఖ్యం. వారికి రాక్ అంటే సరిపడదు. అనంతరం ఈ ఆల్బమ్ నాష్‌విల్‌లోని మతసంగీత ప్రచురణ సంస్థ బెన్సన్‌కు అనుబంధమైన ‘ఇంపాక్ట్’ ముద్రతో తిరిగి వెలువడింది. తొలినాళ్ళ జీసస్ ఉద్యమ యువతలో అనేకులకు ఆల్బమ్ అందింది ఈ రెండో ముద్రణ రూపంలోనే. అదే సంగీతం, అవే పాటలు, మారింది దారి. ఆ దారి మార్పుతో లౌకిక పాప్ రికార్డు ‘క్రైస్తవ’ రికార్డు అయింది.

తరువాత కొద్ది సంవత్సరాలలో ఈ దారి విశాలమైంది. కల్వరీ చాపెల్ ఆధారంగా 1971లో ‘మరనాథ! మ్యూజిక్’ మొదలైంది. టెక్సస్‌లోని వేకోకు చెందిన వర్డ్ సంస్థ 1972లో యువత కోసం ‘మిర్’ అనే ముద్రను ప్రారంభించింది. 1972 జూన్‌లో డల్లాస్‌లో జరిగిన ‘ఎక్స్‌ప్లో ’72’ మహాసభకు సుమారు 80 వేల మంది యువతీయువకులు హాజరయ్యారు. బిల్లీ గ్రాహం ప్రసంగించిన ఆ సభల ముగింపు సంగీతోత్సవంలో జానీ క్యాష్, క్రిస్ క్రిస్టాఫర్సన్‌లతో పాటు నార్మన్ కూడా పాడాడు. 1978లో ‘కాంటెంపరరీ క్రిస్టియన్ మ్యూజిక్’ పేరుతో ఒక పత్రికే వచ్చింది. పత్రిక పేరు ఆ సంగీత వర్గం పేరుగా స్థిరపడింది. 1979లో బాబ్ డిలాన్ ‘స్లో ట్రెయిన్ కమింగ్’ వెలువరించేనాటికి విశ్వాసగీతాల రాక్ ఆల్బమ్‌ను ఎక్కడ పెట్టి అమ్మాలో, ఎవరు సమీక్షించాలో విపణికి తెలుసు. పదేళ్ళ కిందట నార్మన్‌కు లేనిది ఆ ‘చోటు’.

ఆ చోటు ఏర్పడ్డాక కూడా నార్మన్‌కు అందులో ఇరుకు తప్పలేదు. లండన్‌లో రికార్డు చేసిన ‘ఓన్లీ విజిటింగ్ దిస్ ప్లానెట్’ (1972)లో అతడు జాతివివక్షనూ యుద్ధాన్నీ నిలదీశాడు. సూటి పదజాలం కారణంగా కొన్ని క్రైస్తవ దుకాణాలు దానిని దూరంగా ఉంచాయి. ‘సో లాంగ్ ఎగో ది గార్డెన్’ (1973)లో మతప్రస్తావన తగినంత స్పష్టంగా లేదని విమర్శ వచ్చింది. 1969లో అభ్యంతరం సంగీత రూపం మీద. 1973లో అభ్యంతరం వస్తువు మీద. రూపానికి స్వేచ్ఛ లభించిన కొద్దీ వస్తువుపై నిఘా పెరిగిందన్నమాట. ఒక సంగీత వర్గం స్థిరపడడానికి చెల్లించే మూల్యమిది.

7. ‘తొలి’ అన్న విశేషణం

‘తొలి క్రైస్తవ రాక్ ఆల్బమ్’ అన్న ప్రతిష్ఠను పరీక్షించేటప్పుడు సమకాలీన, పూర్వ కృతులను పరిగణించాలి. బ్రిటన్‌లో సాల్వేషన్ ఆర్మీకి చెందిన ‘ది జాయ్‌స్ట్రింగ్స్’ 1964లోనే పాప్ పట్టికలకు ఎక్కింది. ‘ది ఎలక్ట్రిక్ ప్రూన్స్’ పేరుతో 1968లో లాటిన్ ఆరాధనక్రమంపై ఒక రాక్ ఆల్బమ్ వెలువడింది. 1969లో ఎడ్విన్ హాకిన్స్ సింగర్స్ పాడిన ‘ఓ హాపీ డే’ అమెరికన్ పాప్ పట్టికలో 4వ స్థానానికి చేరింది; 18వ శతాబ్దపు కీర్తనకు నల్లజాతి చర్చి గాయకబృందం ఇచ్చిన కొత్త రూపమది. థార్ప్ ప్రసక్తి ముందే వచ్చింది. ఈ వరుసను చూస్తే ‘తొలి’ అన్న మాట నిలవదు. ముఖ్యంగా నల్లజాతి విశ్వాసుల సంగీతాన్ని ‘గాస్పెల్’ అని పక్కకు పెట్టి, తెల్లజాతి యువకుని సంగీతాన్ని ‘క్రైస్తవ రాక్’కు ప్రారంభబిందువుగా చూపడంలో విపణి విభజనల వారసత్వం ఉంది. చరిత్ర రచన ఆ విభజనను పరీక్షించకుండా స్వీకరించకూడదు.

అయినా ‘అపాన్ దిస్ రాక్’ విశిష్టత పూర్తిగా కరిగిపోదు. జాయ్‌స్ట్రింగ్స్ ఒక మతసంస్థ ప్రతినిధులు. ఎలక్ట్రిక్ ప్రూన్స్ ఆల్బమ్ ఆరాధనాపాఠానికి సంగీత ప్రయోగం. హాకిన్స్ విజయం ఒక పాటది. ఒక వ్యక్తి, ఏ సంఘం తరఫునా కాక తన పేరు మీద, స్వీయరచనలతో, ప్రధాన లౌకిక సంస్థ ద్వారా, ఆల్బమ్ పొడవునా తన విశ్వాసాన్ని రాక్ భాషలో పరిశోధించడం ఇక్కడ కనిపిస్తుంది. కనుక ఈ కృతికి తగిన విశేషణం ‘తొలి’ కాదు, ‘ఏకకర్తృకం’. గాయకుడే కర్తగా, ఆల్బమే కృతిగా గుర్తింపు పొందిన 1960ల చివరి రాక్ సంస్కృతిలోనే ఇది సాధ్యపడింది.

జే హోవర్డ్, జాన్ స్ట్రెక్ తమ ‘అపోస్టల్స్ ఆఫ్ రాక్’ (1999)లో సమకాలీన క్రైస్తవ సంగీతాన్ని లోకం నుంచి వేరుపడేది, లోకంతో కలిసిపోయేది, లోకాన్ని పరివర్తింపజేసేది అని మూడు విధాలుగా వర్గీకరించారు. రిచర్డ్ నీబుర్ 1951లో క్రీస్తుకూ సంస్కృతికీ గల సంబంధాలపై చేసిన ఆలోచన దీనికి ఆధారం. ఈ వర్గీకరణ స్థిరపడిన పరిశ్రమకు చక్కగా సరిపోతుంది. కాని ‘అపాన్ దిస్ రాక్’లో మూడు లక్షణాలూ పాట పాటకూ మారుతూ కనిపిస్తాయి. రాకడ పాట వేరుపాటును చెప్తుంది; వాద్యనిర్మాణం కలయికను చూపుతుంది; వ్యంగ్యగీతాలు పరివర్తనను కోరతాయి. వర్గాలు ఏర్పడక ముందరి కృతిని ఆ వర్గాలతో కొలిచేటప్పుడు ఈ జాగ్రత్త అవసరం.

8. ఆధారాల సమస్య

నార్మన్ చరిత్రకు నార్మనే ప్రధాన కథకుడు. ఆల్బమ్ అట్టల మీద, కచేరీల్లో పాటల నడుమ, ముఖాముఖీల్లో తన కథను పదే పదే చెప్పాడు. తన రికార్డులను మార్పులు చేర్పులతో పునర్ముద్రించాడు. డేవిడ్ డి సబాటినో చిత్రం ‘ఫాలెన్ ఏంజెల్’ (2009) పూర్వ సహచరుల సాక్ష్యాలతో ఈ స్వీయకథనాన్ని తీవ్రంగా ప్రశ్నించింది. గ్రెగరీ థార్న్‌బరీ జీవితచరిత్ర (2018) నార్మన్ వ్యక్తిగత పత్రాల ఆధారంగా మరింత సానుభూతితో రాసినది. ఒకటి అభియోగం, మరొకటి సమర్థన అని తేల్చి ఏదో ఒక పక్షం వహించడం పరిశోధకుని పని కాదు.

బృందాన్ని విడిచిన ఘట్టం ఇందుకు ఉదాహరణ. ఆల్బమ్ పేరు వివాదమే కారణమా, సైంటాలజీ ప్రభావమా, వ్యక్తుల మధ్య విభేదాలా అన్నది సాక్షిని బట్టి మారుతుంది. చరిత్రకారునికి ఇక్కడ రెండు వేర్వేరు వాస్తవాలున్నాయి. ఒకటి 1968లో జరిగిన సంఘటన. రెండోది ఆ సంఘటనను నార్మన్ దశాబ్దాల పాటు ఒక విశ్వాసగాథగా చెప్పడం. మొదటిది వివాదాస్పదమైనా రెండోది నిర్వివాదం. ఆ గాథనే నమ్మి యువ సంగీతకారులు ఎందరో తమ దారి ఎంచుకున్నారు. కాబట్టి స్వీయకథనాన్ని సాక్ష్యంగా తూచడంతోపాటు చారిత్రక శక్తిగా కూడా అధ్యయనం చేయాలి.

9. తెలుగు క్రైస్తవ కీర్తన వైపు ఒక చూపు

ఏ సంగీతం ఆరాధనకు తగినది అన్న వివాదం తెలుగు పాఠకులకు అపరిచితం కాదు. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటి కవులు పాశ్చాత్య బాణీల అనువాద కీర్తనలకు భిన్నంగా, దేశీయ రాగతాళాలలో క్రైస్తవ కీర్తనలు రచించారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట శీర్షాన రాగం, తాళం పేర్కొనే పద్ధతి నేటికీ కనిపిస్తుంది. విశ్వాసులు విడిచివచ్చిన మతసంస్కృతికి చెందిన నాదం కొత్త విశ్వాసానికి తగునా అన్న ప్రశ్న అక్కడ ఎదురవుతుంది. క్లబ్బుల్లోనూ నృత్యశాలల్లోనూ వినిపించే నాదం తగునా అన్న ప్రశ్న నార్మన్‌కు ఎదురైంది.

పోలికతో పాటు భేదమూ గుర్తించాలి. తెలుగు కీర్తన సంఘంలోకి ప్రవేశించింది, సంఘపు పుస్తకంలో చేరింది, సామూహిక గానంలో కర్త పేరు కొంత వెనక్కి వెళ్ళింది. నార్మన్ పాట సంఘం వెలుపలే కర్త పేరుతో నిలిచింది. ఒకదానిని ముద్రిత కీర్తనల పుస్తకం, మరొకదానిని రికార్డు పళ్ళెం కాపాడాయి. భక్తిగీతం ఎలా జీవిస్తుందన్నది దాని రాగం మీద ఎంత ఆధారపడుతుందో, దానిని మోసే మాధ్యమం మీద కూడా అంతే ఆధారపడుతుంది. నేటి తెలుగు క్రైస్తవ పాటలలో గిటారు, డ్రమ్స్, కీబోర్డుల ప్రాబల్యాన్ని అధ్యయనం చేసేవారు ‘పాశ్చాత్య ప్రభావం’ అన్న ఒక్క మాటతో ఆగిపోకుండా, పాట ఏ మాధ్యమం ద్వారా ఎవరిని చేరుతున్నదని కూడా అడగవలసి ఉంటుంది.

10. ముగింపు

నార్మన్ 2001లో గాస్పెల్ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం పొందాడు. 2008 ఫిబ్రవరి 24న ఒరెగాన్ రాష్ట్రంలోని సేలంలో మరణించాడు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డింగుల పట్టిక 2013 ఎంపికలలో ‘ఓన్లీ విజిటింగ్ దిస్ ప్లానెట్’ను చేర్చింది. పరిణతి దృష్టితో ఆ ఎంపిక న్యాయమే. చారిత్రక దృష్టితో మాత్రం ‘అపాన్ దిస్ రాక్’కు వేరే ప్రాముఖ్యం ఉంది. ఒక వర్గం పేరు పొందక ముందు దాని స్థితి ఎలా ఉంటుందో ఆ ఆల్బమ్ చూపుతుంది.

ఈ పరిశీలనలో తేలిన అంశాలు మూడు. ఒకటి: ఆల్బమ్‌కు ఆదిత్వాన్ని ఆపాదించడం నల్లజాతి భక్తిసంగీత చరిత్రను మరుగుపరుస్తుంది, దాని విశిష్టత ఏకకర్తృకత్వంలో ఉంది. రెండు: దాని తొలి వైఫల్యానికీ, తరువాతి కీర్తికీ శ్రోతల రుచి ఎంత కారణమో పంపిణీ మార్గాలు అంతకంటే ఎక్కువ కారణం. మూడు: మనిషితో దేవుని గురించి మాట్లాడే ఈ పాటలను దేవునితో మాట్లాడే ఆరాధనాగీతాల కొలతతో కొలవడం వల్లనే మతవర్గాల్లో అపార్థం పెరిగింది. సంఘానికి వెలుపలి మనిషి కోసం రాసిన పాటలు చివరకు సంఘానికి లోపలి మనుషుల దుకాణాల్లోనే నిలిచాయి. ఆ పాటలు ఎవరిని ఉద్దేశించినవో వారిని చేరకపోవడం నార్మన్ ఒక్కని కథ కాదు. మతవిశ్వాసం జనరంజక కళారూపాన్ని ఆశ్రయించిన ప్రతి సందర్భంలోనూ, ఏ భాషలోనైనా, పరిశోధకులు అడగవలసిన ప్రశ్న అది.